లెక్కకు రాని వాన

దిబ్బూరహళ్ళికి పోయి ఆంజనప్ప ఇల్లెక్కడని అడిగితే, "ఏ ఆంజనప్ప?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ పేరు గలవాళ్ళు ఊళ్ళో అరడజను మంది ఉన్నారు. చుక్కల ఆంజనప్ప అనాలి. అప్పుడు టీ అంగడి బెంచీ మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారే చెయ్యి చూపిస్తారు. ఒకప్పుడు నవ్వుతూ చూపించేవాళ్ళు. ఆయన తమ్ముడు బైరప్ప పోయినప్పటి నుంచి నవ్వడం మానేశారు.

చుక్కలంటే రాత్రిపూట ఆకాశంలో ఉండేవి కావు, పట్టపగలు సూర్యుడి ముఖాన ఉండేవి. కన్నడ బడిలో ఏడో తరగతితో చదువు చాలించిన ఈ పట్టుపురుగుల రైతు, మబ్బు లేని ప్రతి ఉదయమూ సూర్యుడి మీది మచ్చలను కాగితం మీద దించుతూ ముప్పై ఐదేళ్ళు గడిపాడు. ఎవరూ చెయ్యమనలేదు. చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. పిచ్చి అంటే పిచ్చే. కానీ ఆ పిచ్చిలో ఒక్కరోజు కూడా తేదీ తప్పు వెయ్యలేదు, అదీ చెప్పుకోవాలి.

మొదలైంది 1989లో. పురుగులు పెంచే ఇల్లు చీకటిగా, చల్లగా ఉండాలి. వాళ్ళ నాయన కట్టిన పాత పురుగుల ఇంటికి తూర్పు గోడలో, చూరు కింద, చిన్న బొక్క ఒకటి పడింది. ఒకనాడు ఉదయం ఎనిమిది గంటలకు ఆ బొక్కలోంచి ఎండ లోపలికొచ్చి, మల్బరీ ఆకు చల్లుతున్న ఆంజనప్ప చేతిలోని చేట మీద గుండ్రంగా పడింది. ఆ గుండ్రంలో రెండు నల్లమచ్చలున్నాయి. పురుగుల ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలొచ్చే రోగం ఒకటుంది. అది వస్తే పంటంతా తీసి కాల్చాల్సిందే. అందుకే పురుగులు పెంచేవాడి కన్ను దేన్ని చూసినా ముందు చుక్కలనే వెతుకుతుంది. ఆంజనప్ప చేట కడిగాడు. మచ్చలు పోలేదు. బొక్క చుట్టూ తుడిచాడు. పోలేదు. మరునాడు చూస్తే అవి కొంచెం పక్కకు జరిగి ఉన్నాయి.

"సూర్యునికి రోగం తగిలిందే!" అని ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి భార్య హనుమక్కకు చెప్పాడు. ఆమె నెత్తి కొట్టుకుని, "పురుగులకు ఆకెయ్యి పో, సూర్యుడు ఆకు అడగడు" అంది.

తర్వాత చింతామణిలో కళ్ళద్దాల అంగడికి పోయి, ఉన్నవాటిలో అన్నిటికన్నా తక్కువ పవరున్న అద్దం, పావు పవరుది, అడిగి తెచ్చుకున్నాడు. దాన్ని మైనంతో బొక్కకు అతికించి, చేటకు తెల్లకాగితం అంటించి పదమూడు అడుగుల దూరంలో పట్టుకుంటే, కుంకుమ భరిణె మూతంత సూర్యుడు గీసినట్టు పడేవాడు. ఉన్న మచ్చలను పెన్సిలుతో దించేవాడు. పక్కన తేదీ. కింద, ఆ రోజు వాన పడిందా లేదా, ఊరి కింద వంక పారిందా లేదా. మబ్బు పట్టి సూర్యుడు కనపడని రోజున "మోడం" అని రాసి ఊరుకునేవాడు. మాట తెలుగు, అక్షరం కన్నడం. కన్నడ సీమలోని తెలుగు ఊళ్ళలో అందరి రాతా అంతే కదా.

2001లో ఊరి బడికి నాగరాజ్ అనే సైన్సు మేష్ట్రు వచ్చాడు. ఈ పుస్తకాలను ఎగతాళి చెయ్యకుండా తిరగేసిన మొదటి మనిషి ఆయనే.

"ఈ మచ్చలు పదకొండేండ్లకు ఒకసారి నిండుతాయప్పా, మళ్ళ తగ్గిపోతాయి," అన్నాడు మేష్ట్రు. "అయితే అది సగటు లెక్క. ఒక్కోసారి తొమ్మిదేండ్లకే వస్తాయి, ఒక్కోసారి పద్నాలుగేండ్లు పడతాది. ఒకసారి శానా, ఒకసారి కొంచెమే. మూడు నూర్ల ఏండ్ల కిందట డెబ్బై ఏండ్లపాటు మచ్చలు దాదాపు లేకుండానే పోయినాయంట. సూర్యుడు గడియారం కాదప్పా."

ఆంజనప్పకు పదకొండు అనే మాట గట్టిగా వినపడింది. "అయితే" తర్వాత వచ్చిందంతా గాలికి పోయింది. మనిషి చెవి తనకు కావలసిన గింజలే ఏరుకుంటుంది.

ఇంటికొచ్చి పాత పుస్తకాలన్నీ ముందేసుకున్నాడు. మచ్చలు నిండిన 91లో వంక పారింది. మళ్ళీ నిండిన 2000లో పారింది. మచ్చలుంటే వాన, లేకుంటే ఎండు. రెండుసార్లు కుదిరితే చాలు, మనిషి శాసనం చెక్కేస్తాడు.

ఒక్కటి మాత్రం కుదరలేదు. 1996 అక్టోబరు. ఆ నెలంతా చేట మీద సూర్యుడు తోమిన కంచంలా ఉన్నాడు, మచ్చ లేదు. ఆ నెలలోనే తుపాను పట్టి వంక రెండు రోజులు పారింది. అప్పట్లో ఆంజనప్ప ఉన్నది ఉన్నట్టు రాశాడు: "వంక పారింది. మనిషి లోతు." ఇప్పుడు, అయిదేళ్ళ తర్వాత, ఆ మాట పక్కన ఎర్ర ఇంకుతో ఇంకొకటి చేర్చాడు: "తుపాను వాన. లెక్కకు రాదు."

తుపాను తెచ్చిన నీళ్ళు తడపవా? మనిషిని ముంచవా? అడిగేవాళ్ళు లేరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, ఆంజనప్ప సూర్యుడికి పదకొండే ఏళ్ళు.

ఆ తర్వాత రెండేళ్ళు మచ్చలు తగ్గుతూ వచ్చాయి, వానలూ ముఖం చాటేశాయి. ముందే చెప్పాడు కదా అని ఊరు ఆశ్చర్యపోయింది. ఆకు కోతకు ముందు, బోరు వేసే ముందు, జనం ఆయన అరుగు మీదికి వచ్చి "చుక్కలు ఏమంటాండాయప్పా?" అని అడగడం మొదలుపెట్టారు. వెక్కిరింతగా పెట్టిన పేరు బిరుదైంది. 2008, 2009 మచ్చలు లేకుండానే గడిచాయి, 2000కు పదకొండు కలిపి ఆయన వేసిన గడువు దాటినా నిండలేదు. 2012లో వచ్చినవి అరకొరగా వచ్చాయి. వంక పారలేదు. "సగం చుక్కలు, సగం వాన. వంకదాకా రాలే," అని చెప్పి ఆ గండం గట్టెక్కాడు. సూర్యుడు ఎంత తప్పినా ఆయన లెక్క తప్పేది కాదు, అదే దాంట్లో ఉన్న జబ్బు.

హనుమక్క 2010లోనే జబ్బు చేసి పోయింది. పిల్లలు లేరు. పక్క వాకిలే తమ్ముడు బైరప్పది. యవ్వనమంతా బెంగళూరులో మిల్లులో పనిచేసి, 99లో పెళ్ళి కుదిరాక ఊరికి తిరిగొచ్చినవాడు. బైరప్ప భార్య ప్రేమ రెండు పూటలా బావగారికి కంచంలో ముద్ద పెట్టి పంపేది. కూతురు సహన ఆ కంచం తెచ్చేది. ఆంజనప్పకు మనుషులంటే ఈ ముగ్గురే.

2021 ఎండాకాలంలో బైరప్ప కొత్త షెడ్డు వెయ్యాలనుకున్నాడు. ఉదయం అన్న చేట పట్టుకుని నిలబడి ఉండగా పురుగుల ఇంట్లోకి వచ్చాడు.

"అన్నా, వంక పక్కన మన మడి ఉండాది కదా. దానికి ఆనుకోని ఇసకలో షెడ్డు వేస్తే ఎట్లుంటాది? ఆడ చల్లగా ఉండాది, పురుగుకు మంచిది. తోటలో వేస్తే ఆకు పోతాది."

"వేసుకో," అన్నాడు ఆంజనప్ప. "ఇంగా రెండేండ్లు వంక పారదు. చూడు, చుక్కలు ఇంగా లేవనే లేదు."

"చుక్కలు లేనప్పుడు ఎప్పుడూ పారలేదా? నేను బెంగళూరులో ఉన్నప్పుడు ఒకసారి పారిందని ఎవరో అనిరి. నీ పుస్తకంలో ఉండాదా?"

ఆంజనప్ప చేట మీంచి కన్ను తియ్యలేదు. మూడో పుస్తకం అక్కడే, చెయ్యి చాపితే అందే గూట్లో ఉంది. తీస్తే ఎర్ర ఇంకు కనపడుతుంది. కనపడితే తమ్ముడు ఏమంటాడో తెలుసు: నీళ్ళు నీళ్ళే కదన్నా అంటాడు. ఇరవై ఏళ్ళుగా ఊరంతా అరుగెక్కి అడిగే మనిషిని సొంత తమ్ముడు ఆ ఒక్క మాటతో కింద కూర్చోబెడతాడు.

"లేదు," అన్నాడు ఆంజనప్ప.

"ఒకసారి చూడన్నా."

"చూసేదేముండాదిరా? ముప్పై ఏండ్లుగా రాస్తాండేది నేను కాదా?"

బైరప్ప నమ్మాడు. ఆ వారమే ఇసకలో గుంతలు తవ్వారు.

ఆ నవంబరు మూడో వారంలో వాన పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు కనపడలేదు, పుస్తకంలో వరుసగా నాలుగు "మోడం"లు పడ్డాయి. షెడ్డులో పురుగులు పండి, గూడు అల్లుకోవడానికి వెదురుతో చాపలా అల్లిన చంద్రికల మీదికి ఎక్కి ఉన్నాయి. ఆ దశలో పురుగును కదిలిస్తే గూడు చెడుతుంది, వదిలేస్తే పంట పోతుంది. ఐదో రోజు పొద్దున పైన చెరువులు అలుగు దూకాయని కబురొచ్చింది. అన్నదమ్ములిద్దరూ వంక గట్టుకు పరుగెత్తేసరికి షెడ్డు చుట్టూ మోకాలి లోతు ఎర్రనీళ్ళు తిరుగుతున్నాయి.

"చంద్రికలు తెచ్చేస్తా," అన్నాడు బైరప్ప. తర్వాత, ఆనాడు కూడా, అన్న ముఖం చూసి అడిగాడు: "ఇంగా లేస్తాదా అన్నా?"

వద్దనడానికి అదొక్కటే అదను. ఆంజనప్ప నోట్లోంచి పాత మాటే వచ్చింది. "తుపాను వాన. దానికి నిలకడుండదు, గంటలో తగ్గిపోతాది."

బైరప్ప అయిదుసార్లు పోయి, నెత్తిన అయిదు చంద్రికలు తెచ్చి గట్టు మీద ఆనించాడు. ఆరోసారి లోపలికి పోయినప్పుడు పైనుంచి నీళ్ళు ఒక్క పెట్టున వచ్చాయి. షెడ్డు వెనక గోడ విరిగింది. రేకు లేచి పడింది. ఆ తర్వాత గట్టు మీద నిలబడినవాడికి తమ్ముడు కనపడలేదు. చంద్రిక ఒక్కటే తేలుతూ మలుపు దాకా పోయింది. దాని మీద పురుగులు ఇంకా గూడు అల్లుతూనే ఉన్నాయి.

మూడో రోజు, ఊరికి రెండు మైళ్ళ కింద, కంపచెట్లకు తగులుకుని దొరికాడు.

కర్మాంతరమైన నాడు ఆంజనప్ప గోడకు ఆనుకుని తల ఎత్తకుండా కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు. ప్రేమే లేచి వచ్చి కంచం ముందుకు జరిపింది. "మీరు తినండి బావా. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక? మీరేం చేస్తారు?" అంది. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషే తనను ఓదారుస్తోంది. ఆ క్షణంలో చెప్పేస్తే ఎలా ఉండేదో. చెప్పలేదు. ముద్ద కలుపుకుని తిన్నాడు. మరునాడూ తిన్నాడు. మూడేళ్ళు, రోజుకు రెండు పూటలు, ఆమె చేతి కూడు తిన్నాడు.

మచ్చలు దించడం మానలేదు. మానితే ఎందుకని అడుగుతారు. ఆయన జీవితంలో అంత పిరికితనం ఇంకెప్పుడూ లేదు, ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు.

సహన చింతామణిలో బీఎస్సీలో చేరింది. 2024 మే నెలలో సూర్యుడి మీద ఏళ్ళ తరబడి చూడనంత పెద్ద మచ్చ లేచినప్పుడు, పెద్దనాయన చేట మీద అది స్పష్టంగా పడింది. అమ్మాయి ఆ బొమ్మను ఫోనులో ఫోటో తీసి కాలేజీ మేష్ట్రులకు చూపించింది. వాళ్ళు ఆశ్చర్యపోయి, పుస్తకాలన్నీ తెమ్మన్నారు. కాలేజీలో ప్రదర్శన పెడతామన్నారు, ఆంజనప్పకు శాలువా కప్పుతామన్నారు. జీవితమంతా ఆ మనిషి ఎదురుచూసిన మాట అది. వచ్చిన రోజు ఆయనకు మూడో పుస్తకమే గుర్తొచ్చింది.

నిండిన పన్నెండు పుస్తకాల్లో పదకొండు సహన చేతికి ఇచ్చాడు. మూడోది బియ్యం డబ్బాలో అడుగున పెట్టాడు.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున సహన ఆ పుస్తకాలన్నీ వాకిట్లో చాప మీద పరిచి రాసుకుంటోంది. ప్రేమ పక్కన కూర్చుని మల్బరీ ఆకు తుంచుతోంది.

"పెద్దనాయనా, మూడోది లేదే? 95 నుంచి 97 దాకా?"

"చెదలు తినేసిందమ్మా."

"అయ్యో. సరే లే, డేటా లేదని రాస్తా," అంది సహన తలెత్తకుండా. "మా మేష్ట్రు చెప్తాంటారు, లేనిది లేదని రాస్తే తప్పు కాదంట. ఉండేది మన లెక్కకు సరిపోలేదని తీసేస్తే, అది తప్పంట. సూర్యుని లెక్క అట్లాంటిది పెద్దనాయనా. నాలుగు నూర్ల ఏండ్ల రాతలు పెట్టుకోని పెద్ద పెద్ద సైంటిస్టులు ఈసారి మచ్చలు తక్కువే అనిరి. చూడు, ఎన్ని వచ్చినాయో. వాళ్ళ లెక్కే తప్పింది."

ఒక నిమిషం ఆంజనప్ప ప్రాణం తేలికపడింది. అంతటివాళ్ళే తప్పారు కదా. మరు నిమిషం ఇంకొకటి తోచింది. వాళ్ళు తమ రాతల్లో ఉన్నదాన్ని లేదనలేదు. వాళ్ళ మాట నమ్మి ఎవరూ వంకలో షెడ్డు వెయ్యలేదు.

లేచి లోపలికి పోయాడు. బియ్యంలో చెయ్యి పెట్టి పుస్తకం తీశాడు, అట్ట మీది పిండి తుడిచాడు. తెచ్చి సహనకు ఇవ్వలేదు. ప్రేమ ముందర, ఆకు బుట్ట పక్కన పెట్టాడు.

"ఏముండాది బావా ఇందులో?" అంది ప్రేమ.

"చదివి చెప్పమ్మా సహనా. తొంభై ఆరు, అక్టోబరు."

సహన పేజీ తెరిచి చదివింది. "వంక పారింది. మనిషి లోతు." ఆగింది. పైన గీసిన ఖాళీ గుండ్రాన్ని చూసింది. తర్వాత ఎర్ర ఇంకు మాటలు కూడా చదివింది. రెండోసారి గొంతు తగ్గింది.

"షెడ్డు వేసే ముందర బైరప్ప అడిగినాడు," అన్నాడు ఆంజనప్ప. నిలబడే అన్నాడు, కూర్చునే ధైర్యం లేదు. "చుక్కలు లేనప్పుడు ఎప్పుడన్నా పారిందా, పుస్తకంలో ఉండాదా అని. లేదంటిని. ఒకసారి చూడన్నా అనె. చూడలేదు. చూసే పని లేదమ్మా, నాకు తెలుసు. తెలిసే లేదంటిని."

ప్రేమ చేతిలో ఆకు అలాగే ఉంది.

"నేను కూడా ఆయన్ని అడిగితి. వంక వస్తే ఎట్ల అని. అన్న పుస్తకంలో లేదంటే లేదు, నోర్ముయ్యి అనె." చేతిలోని ఆకు బుట్టలో వేసింది. "మూడేండ్లు దేవుణ్ణి తిడితిని బావా. ఊరికే తిడితిని."

ఏడవలేదు, అరవలేదు. అరిచి ఉంటే ఆంజనప్ప కాళ్ళ మీద పడేవాడు. ఆమె ఆకు బుట్ట చంకనెత్తుకుని పురుగుల ఇంట్లోకి పోయింది. పురుగులకు ఆకు వేళ అయింది, అవి ఎవరి కోసమూ ఆగవు.

"ఈ పుస్తకం కూడా కాలేజీకి ఇస్తాను," అంది సహన. ఇంతకుముందు ఏ మాట చివరైనా వచ్చే పెద్దనాయన అనే పిలుపు ఈ మాటకు రాలేదు. "ఎర్ర ఇంకుతో సహా."

ఆ రోజు మధ్యాహ్నం కంచం రాలేదు. సాయంత్రమూ రాలేదు. ఆంజనప్ప ఎదురుచూడలేదు.

మరునాడు ఉదయం ఎనిమిదికి, ముప్పై ఐదేళ్ళ అలవాటున కాళ్ళు పురుగుల ఇంటికి తీసుకుపోయాయి. బయట ఎండ కాస్తోంది, ఆకాశంలో తునక మోడం లేదు. లోపల చీకటి. చేట పట్టుకుని పదమూడు అడుగుల దూరంలో నిలబడ్డాడు. చేట మీద ఏమీ పడలేదు. తలెత్తి చూస్తే తూర్పు గోడకు, చూరు కింద, ఎర్రమట్టి ముద్ద తడి ఆరకుండా ఉంది. గోడకు వేసిన నిచ్చెన ఇంకా తియ్యలేదు. గూట్లో, రాస్తున్న పుస్తకం మీద, పావు పవరు అద్దం మైనమంతా గీకి, శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది.

ఆ మట్టిని ఒక వేలితో పొడిచినా రాలిపోతుంది. ఆంజనప్ప నిచ్చెన వైపు పోలేదు. మూల ప్రేమ పురుగులకు ఆకు చల్లుతోంది, ఇటు తిరగలేదు.

పుస్తకం తీసుకుని వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. తేదీ వేశాడు. గుండ్రం గీశాడు. సూర్యుడు కనపడని రోజున రాసే మాట చేతికి అలవాటే కాబట్టి "మో" అనే అక్షరం పడింది. పెన్సిలు ఆగింది. ఆ అక్షరం కొట్టేసి, కింద ఇలా రాశాడు:

"ఎండ బాగా ఉంది. బొక్క ప్రేమ మూసింది. తప్పు నాది. ఇది లెక్కకు వస్తుంది."